బిగిసిన ఒడలు, రాని నిద్ర

“ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు” అని మన పెద్దల మాట. కష్టించి పని చేసినవానికి కటికనేల కూడ పట్టుపరుపే అని దాని భావం. ఈ మాటను నేను చాలాకాలం నమ్మినాను. రేడియోలో ఎన్నో పర్యాయాలు చెప్పినాను కూడ. కాని ఒకనాడు నవీపేటలో ఒక పసుపు రైతు ఇంట నాలుగు గంటలు గడిపిన తరువాత, ఈ సామెతకు ఒక చిన్న సవరణ అవసరమని నాకు తోచినది.

నవీపేట నిజామాబాదు నుండి బాసర వైపు పోయే రైలుమార్గంలో ఉన్నది. ఆర్మూరు పసుపు సీమకు పొరుగు. మాఘమాసంలో ఆ ప్రాంతపు గాలికే పసుపు వాసన ఉంటుంది. జూన్ నెలలో నాటిన దుంప ఎనిమిది తొమ్మిది మాసాలు నేలలో పెరిగి, సంక్రాంతి దాటిన తరువాత బయటకు వస్తుంది. దానిని త్రవ్వవలె, మట్టి దులుపవలె, కొమ్ములు వేరు, మండలు వేరు చేయవలె, నురుగు వచ్చి కమ్మని ఆవిరి వాసన లేచేవరకు ఉడికించవలె, పదిపదిహేను రోజులు ఎండబెట్టవలె. ఆ పైన మెరుగు పట్టించి నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలవలె. ఈ రెండు మూడు మాసాలు రైతుకు పగలూ రాత్రీ ఒకటే. పంట ముచ్చట్లు రికార్డు చేయటానికి నేను వెళ్ళినది అటువంటి రోజులలోనే.

ఇంటి యజమాని ధరల సంగతి, కూలీల సంగతి చక్కగా చెప్పినాడు. 2025లో నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ఏర్పడినందుకు సంతోషం వెలిబుచ్చినాడు. యంత్రం ఆపి నేను లేవబోతుండగా ఆయన భార్య నన్ను పెరటిలోనికి పిలిచినది. ఆమె పసుపు పని లేని దినాలలో బీడీలు చుట్టుతుంది. ఒడిలో చాట పెట్టుకొని, నడుము వంచి, కాళ్ళు ముడుచుకొని, ఉదయం మొదలు పొద్దు గూకేదాక ఆమె కూర్చుండే తీరు ఆ జిల్లాలో వేల ఇండ్లలో కనిపించేదే. చుట్టూ చూచి, గొంతు తగ్గించి ఇట్లా అన్నది.

“చెప్పెటందుకు సిగ్గైతది చెల్లె. పొద్దంత పని జేస్తనా, పక్క మీద పడంగనే నిద్ర రావాలె గద? రాదు. పొత్తికడుపుల బరువు. రాత్రిల నాలుగైదుసార్లు లేవాలె, పోతె నాలుగు చుక్కలే. పరీక్షలు జేసి ఏం లేదన్నరు. ఏం లేకపోతె నాకెందుకిట్లయితది?”

ఎనిమిదేండ్లుగా ఆమె ఈ మాట ఎవ్వరితోను చెప్పలేదట. చివరకు రేడియోలో గొంతు విన్న పరిచయం మాత్రమే గల నాతో చెప్పినది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఉన్నది. ఆ జవాబు తెలియక బాధపడేవారు స్త్రీలలోను, పురుషులలోను కూడ ఎందరో ఉన్నారు. ఈ ప్రసంగం వారి కొరకు.

మొట్టమొదట ఒక సంగతి. ఆ జవాబు నాకు పుస్తకాలలో దొరికినది కాదు, నా ఒంటిమీదనే తెలిసినది. ప్రసార విధులలో మైకు ముందు కూర్చున్నవారు నడుమ లేచిపోరాదు. దాహమైనా, మూత్రమైనా, కార్యక్రమం ముగిసేదాక ఓర్చుకొనవలె. ఇరవై సంవత్సరాలు అట్లా ఓర్చుకొన్న ఫలితంగా నాకు కూడ ఒకప్పుడు రాత్రులు భారమైనవి. ఒక వైద్యుడు వినీ వినకముందే నిద్రమాత్రలు వ్రాసి పంపినాడు. మాత్రలతో కన్నులు మూతపడినవి కాని ఒడలు విశ్రమించలేదు. ఆ పిదప ఒక వ్యాయామ చికిత్సకురాలు నన్ను వెల్లకిల పరుండబెట్టి, “మీరు నడుము క్రిందిభాగాన్ని ఇప్పుడు కూడ బిగించి ఉన్నారు, తెలుసునా?” అని అడిగినది. నాకు తెలియదు. తెలియకపోవటమే ఈ వ్యాధికి మూలం.

నడుముకు క్రింద, తొడలకు పైన ఉండే ఎముకల గిన్నెను శరీరశాస్త్రంలో శ్రోణి అంటారు. రెండు ప్రక్కల తుంటి ఎముకలు, వెనుక త్రికాస్థి, దాని కొసన తోక ఎముక కలిసి ఈ గిన్నె ఏర్పడుతుంది. అయితే ఈ గిన్నెకు అడుగున ఎముక లేదు. అడుగు మూయవలసిన పని కండరాలది. ముందు ఉన్న జఘనాస్థి నుండి వెనుక ఉన్న తోక ఎముక దాక, గుడ్డ ఉయ్యాల కట్టినట్లుగా, ఈ కండరాలు అల్లుకొని ఉన్నవి. మూత్రాశయం, పెద్దప్రేగు కొస, స్త్రీలలో గర్భాశయం ఈ ఉయ్యాల మీదనే ఆనుకొని ఉంటవి. మూత్రమార్గమూ, మలమార్గమూ, స్త్రీలలో యోనిమార్గమూ దీనిగుండానే బయటకు వస్తవి. కావలసినప్పుడు మూయటం, వలసినప్పుడు విడవటం ఈ కండరాల పని.

చేతి కండరాలకు, వీటికి ఒక భేదం ఉన్నది. చేతితో బిందె ఎత్తి దించిన తరువాత చేతికి విశ్రాంతి. శ్రోణి అడుగు కండరాలకు అటువంటి పూర్తి సెలవు లేదు. మనం నిలుచున్నా, కూర్చున్నా అవి కొద్దిపాటి బిగువుతో పని చేస్తూనే ఉంటవి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువెత్తినప్పుడు మరికొంత బిగుస్తవి. ఆ వెంటనే సడలవలె. బిగియటం ఎంత ముఖ్యమో సడలటం అంతే ముఖ్యం. పిడికిలి మూయగలిగి తెరవలేని చేయి ఎందుకు పనికి వస్తుంది?

ఇక ఊపిరికి, ఈ కండరాలకు గల సంబంధం గమనించదగినది. ఛాతీకి, కడుపుకు నడుమ గొడుగు వంటి కండరపు పొర ఒకటి ఉన్నది. దానిని ఉదరవితానం అంటారు. మనం గాలి పీల్చినప్పుడు ఈ గొడుగు క్రిందికి దిగుతుంది. కడుపులోని అవయవాలు కొంచెం క్రిందికి జరుగుతవి. వాటికి చోటు ఇవ్వటానికి శ్రోణి అడుగు కూడ మెత్తగా క్రిందికి వంగుతుంది. గాలి విడిచినప్పుడు రెండూ తిరిగి పైకి లేస్తవి. కమ్మరి కొలిమి తిత్తి వలె పైకప్పు, అడుగు ఒకే లయలో కదులుతవి. పడుకొన్న పసిబిడ్డ కడుపు చూడండి, ఈ లయ కంటికి కనిపిస్తుంది. పెద్దవారమైన కొలది మనం కడుపు లోనికి పీల్చి, ఛాతీపైనే ఊపిరి తీయటానికి అలవాటుపడినాం. పైగొడుగు దిగకపోతే క్రింది ఉయ్యాలకు కదలిక లేదు. కదలిక లేని కండరం క్రమంగా బిగుసుకొనిపోతుంది.

ఈ బిగువుకు మరొక పెద్ద కారణం భయం. కుక్క భయపడినప్పుడు ఏమి చేస్తుందో అందరికీ తెలుసు. “తోక ముడిచినాడు” అని పిరికివానిని గూర్చి మనమే అంటాం. చతుష్పాదులలో తోకను కదలించే కండరాలే మనిషిలో శ్రోణి అడుగును మోస్తున్నవి. మనకు తోక పోయినది గాని తోక ముడిచే స్వభావం పోలేదు. 2001లో హాలెండు దేశపు పరిశోధకులు కొందరు స్త్రీలకు భయం గొలిపే చలనచిత్ర భాగాలను చూపి, వారి కండరాల చలనాన్ని కొలిచినారు. ఆ దృశ్యాలు చూస్తున్నప్పుడు భుజాల కండరాలతోపాటు శ్రోణి అడుగు కండరాలు కూడ బిగిసినవని తేలినది. అప్పు తీర్చవలసిన గడువు, కుమార్తె పెండ్లి, మార్కెట్లో పడిపోయిన ధర, ఇవి చలనచిత్రపు భయాలు కావు. రోజూ ఉండేవి. ఆ ముడుపు కూడ రోజూ ఉండేదే అవుతుంది.

మన వృత్తులు దీనికి తోడైనవి. బీడీలు చుట్టే స్త్రీ గంటల తరబడి కదలక కూర్చుంటుంది. ట్రాక్టరు నడిపేవాడు అదురుకు తట్టుకొనటానికి అడుగుభాగం బిగబట్టుకొంటాడు. సంతకు, యార్డుకు వచ్చిన ఆడవారు సరియైన మరుగు దొరకక ఉదయం నుండి మూత్రం ఆపుకొంటారు. మళ్ళీ పోవలసి వస్తుందేమోనని నీళ్ళు త్రాగరు. నీళ్ళు తక్కువైతే మలబద్ధకం. మలబద్ధకం ఉంటే ముక్కటం. ముక్కిన కొలది ఆ కండరాలు మరింత మొండికెత్తుతవి. కార్యాలయంలో కుర్చీకి అంటుకొనిపోయిన గుమాస్తా సంగతి కూడ దాదాపు ఇదే.

ఇక నిద్ర సంగతికి వద్దాం. మన ప్రమేయం లేకుండ గుండెను, ఊపిరిని, జీర్ణకోశాన్ని నడిపే నాడీవ్యవస్థకు రెండు విభాగాలు ఉన్నవి. ఒకటి సహానుభూత వ్యవస్థ. ఆపద వచ్చినప్పుడు గుండె వేగం పెంచి, అడ్రినలిన్ విడిపించి, కండరాలను సిద్ధం చేస్తుంది. రెండవది పరసహానుభూత వ్యవస్థ. ఇది గుండెను నెమ్మది పరచి, ఆహారం జీర్ణం చేయించి, ఒంటిని విశ్రాంతికి మళ్ళిస్తుంది. నిద్ర రావాలంటే రెండవదానికి పైచేయి కావలె. కండరాలు బిగిసి ఉన్నంతసేపు ‘ఇంకా ఆపద తొలగలేదు’ అన్న వార్తయే మెదడుకు పోతూ ఉంటుంది. పైగా బిగిసిన కండరం మూత్రాశయాన్ని రెచ్చగొట్టి, నిండకముందే నిండినట్లు భ్రమ కలిగిస్తుంది. మనిషి లేస్తాడు. నాలుగు చుక్కలు పోసి వస్తాడు. గడియారం చూస్తాడు. ‘అయ్యో, రెండు గంటలైనది, తెల్లవారి పని యెట్లా’ అని బెంగపడతాడు. బెంగతో మళ్ళీ బిగువు. ఇదొక గానుగ. ఎద్దు ఎంత నడిచినా ఉన్నచోటనే ఉంటుంది.

ఈ గానుగను ఆపే మార్గం ఏమి? దానికొక చరిత్ర ఉన్నది. అమెరికాలో ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే వైద్యుడు 1929లో క్రమానుగత విశ్రాంతిని గురించి గ్రంథం ప్రకటించినాడు. కండరాన్ని ముందు కొద్దిగా బిగించి, ఆ బిగువు రుచి తెలుసుకొని, తరువాత వదలివేయటం ఆయన పద్ధతి. బిగువేదో తెలియనివానికి సడలింపు కూడ తెలియదని ఆయన గ్రహించినాడు. 1948లో ఆర్నాల్డ్ కీగెల్ అనే మరొక వైద్యుడు, ప్రసవం తరువాత శ్రోణి కండరాలు వదులైన స్త్రీలకు వాటిని బిగించే వ్యాయామం నేర్పినాడు. ఆ వ్యాయామం లోకమంతటా ప్రచారమైనది. కాని బలహీనతకు చెప్పిన మందును బిగువుకు వాడరాదు. దగ్గితే, నవ్వితే మూత్రం జారేవారికి తరచు బలం కావలె. పొత్తికడుపు బరువు, తోక ఎముక నొప్పి, మూత్రం ధార కట్టకపోవటం, మాటిమాటికి పోవలెననిపించటం ఉన్నవారికి తరచు సడలింపు కావలె. కొందరికి రెండూ కలిసి ఉంటవి. అందుచేత ఒకసారి పరీక్ష చేయించుకొనటం ఉత్తమం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడ్నీ ఆండర్సన్, మనస్తత్వవేత్త డేవిడ్ వైజ్ కలిసి 2003లో ఈ బిగువును గూర్చియే ఒక పుస్తకం వెలువరించినారు. అది ముఖ్యంగా ఇటువంటి నొప్పితో తిరిగి తిరిగి విసిగిన పురుషులను దృష్టిలో ఉంచుకొన్నది. ఇది ఆడవారి జబ్బు అనుకొనేవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలె.

మన దేశంలో శవాసనం ప్రాచీనమైనది. స్వాత్మారాముని హఠయోగ ప్రదీపిక దానిని అలసట తీర్చేదిగా, చిత్తానికి విశ్రాంతి నిచ్చేదిగా పేర్కొన్నది. కాగా, యోగంలోని మూలబంధం ఈ కండరాలను పైకి బిగించే క్రియ. బిగువుతో బాధపడేవారు గురువు లేక, పరీక్ష లేక దానిని అభ్యసించటం మంచిది కాదు. యోగమన్న పేరు ఉన్నంతమాత్రాన అన్నీ అందరికీ సరిపడవు.

ఇప్పుడు ఇంటిలోనే ఇరవై నిమిషాలలో చేసుకొనదగిన అభ్యాసం చెబుతాను. రాత్రి భోజనమైన రెండు గంటలకు, మూత్ర విసర్జన చేసి వచ్చి, చాప మీద పరుపో, బొంతో వేసుకొని వెల్లకిల పరుండండి. మోకాళ్ళు మడిచి పాదాలు నేలమీద ఆనించండి. మోకాళ్ళ క్రింద తలగడ పెట్టుకొన్నా సరే. మొలత్రాడు, లంగా బొందు, పంచెముడి, ఏవైనా వదులు చేయండి. చిన్న విషయమే అనిపిస్తుంది కాని, బిగిసిన ముడి క్రింద కడుపు కదలదు.

మొదట దవడను గమనించండి. పై పండ్లు క్రింది పండ్లను తాకుతున్నవా? పెదవులు మూసి, పండ్లు ఎడం చేయండి, నాలుకను వదలండి. దవడ బిగబట్టేవారు అడుగుభాగం కూడ బిగబట్టటం తరచు చూస్తున్నదే. ఆ వెనుక భుజాలు, అరచేతులు, పిరుదులు. ఒక్కొక్కటి నేలకు అప్పగించండి. మీ బరువు మోయటానికి నేల ఉన్నది, మీరు మోయనక్కరలేదు.

రెండవది ఊపిరి. కుడిచేయి బొడ్డు క్రింద వేయండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కించేంతసేపు నెమ్మదిగా గాలి తీయండి. చేయి పైకి లేవవలె, ఛాతీ ఎగురరాదు. ఆ గాలి పొత్తికడుపు దాటి, కూర్చున్నప్పుడు పీటకు తగిలే ఎముకల నడుమకు దిగినట్లు భావించండి. తరువాత ఆరు అంకెలు లెక్కించేంతసేపు విడవండి. ఆరు అంకెల నిశ్వాసంలో దేనినీ పిండవద్దు, గాలి తానే పోవలె. ఈ లెక్కన నిమిషానికి ఆరు ఊపిరులు అవుతవి. విడిచే ఊపిరి పొడవైనప్పుడు గుండె వేగం తగ్గటం పరసహానుభూత వ్యవస్థ చేసే పనియే. అయిదు నిమిషాలు చాలు. తల తిరిగినట్లయితే లెక్క మాని మామూలుగా ఊపిరి తీయండి.

మూడవది జేకబ్‌సన్ చెప్పిన పాఠం. అపానవాయువును ఆపుకొన్నట్లుగా అడుగు కండరాలను అతి స్వల్పంగా, మీ శక్తిలో నాలుగవ వంతు మించకుండ, రెండు మూడు క్షణాలు బిగించండి. ఇప్పుడు వదలండి. వదలిన తరువాత ఇంకా వదలవలసినది ఏమైనా మిగిలినదా అని చూడండి. సాధారణంగా మిగిలే ఉంటుంది. దానిని కూడ వదలండి. పదిహేను క్షణాలు ఊరక ఉండండి. ఇట్లా మూడుసార్లే చేయండి. ఇది బలానికి చేసే వ్యాయామం కాదు, భేదం తెలుసుకొనే పాఠం. బిగించినప్పుడు నొప్పి ఉంటే ఈ భాగం పూర్తిగా విడిచిపెట్టండి.

నాలుగవది కొద్దిపాటి సాగదీత. రెండు మోకాళ్ళనూ చేతులతో పట్టుకొని ఛాతీ వైపునకు తెచ్చి, పది ఊపిరుల సేపు ఉంచండి. తరువాత పాదాలు నేలకు దించి, రెండు అరికాళ్ళను కలిపి, మోకాళ్ళను రెండు ప్రక్కలకు వాలనివ్వండి. తొడలు లాగుతూ ఉంటే ప్రక్కల తలగడలు పెట్టండి. సాగదీతలో పౌరుషం కూడదు. మోకాలి నొప్పులు, తుంటి శస్త్రచికిత్స ఉన్నవారు మొదటి రెండు మెట్లతోనే తృప్తి చెందవచ్చును. గర్భిణులు వెల్లకిల కాక ఎడమవైపు ఒత్తిగిలి, మోకాళ్ళ నడుమ తలగడ ఉంచుకొని, ఊపిరి అభ్యాసం మాత్రమే చేయవలెను.

చివరకు కాళ్ళు చాచి శవాసనంలో ఉండండి. కాలివ్రేళ్ళ నుండి నడినెత్తి దాక ఒక్కొక్క అవయవాన్ని మనసుతో తాకి వదలండి. నిద్ర వచ్చినదా అని పరీక్షించకండి. సంతలో మేకను గొంతు పట్టి లాగితే అది కాళ్ళు తన్నిపెట్టి నిలబడుతుంది. త్రాడు వదులు చేసి నడిస్తే వెంట వస్తుంది. నిద్ర స్వభావం కూడ అదే.

ఒక్క రాత్రిలో ఫలితం కనబడకపోవచ్చును. సంవత్సరాల బిగువు సడలటానికి కొన్ని వారాలు పట్టుతుంది. పగటి అలవాట్లు మారకపోతే రాత్రి చేసిన అభ్యాసం వ్యర్థమే. కూర్చుండి పని చేసేవారు గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలె. మూత్రం గంటల తరబడి ఆపరాదు. అట్లని ‘ఎందుకైనా మంచిది’ అని అవసరం లేకుండ మాటిమాటికి పోనూ కూడదు. నీరు పగటిపూట చాలినంత త్రాగి, పడకకు రెండు గంటల ముందు తగ్గించవలె. మలవిసర్జనకు ముక్కక, కాళ్ళ క్రింద చిన్న పీట వేసుకొని, నోరు తెరచి గాలి విడుస్తూ ఓపికతో కూర్చుండవలె. గొంతుకు కూర్చుండే మన పాత అలవాటులో ఈ సౌకర్యం సహజంగానే ఉండేది.

సాయంకాలం నాలుగు దాటిన తరువాత చాయ వద్దు. అందులోని కెఫీన్ సగం తరగటానికే సుమారు అయిదు గంటలు పట్టుతుంది. పొలం నుండి వచ్చి వేన్నీళ్ళు పోసుకొనటం మన పల్లెలలో ఉన్న మంచి ఆచారం. పడకకు గంట, రెండు గంటల ముందు చేసే వేడినీటి స్నానం నిద్రకు అనుకూలమని పరిశోధనలు కూడ చెబుతున్నవి. తెల్లవారి ఒకే వేళకు లేవండి, రాత్రి ఎంత తక్కువ నిద్రపోయినా సరే. పక్కమీద చేరి ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే దొర్లుతూ ఉండవద్దు. లేచి మసక వెలుతురులో కూర్చుండి, రెప్పలు బరువెక్కినప్పుడు తిరిగి పరుండండి. ఈ నియమాలతో కూడిన మానసిక శిక్షణనే దీర్ఘకాలపు నిద్రలేమికి మొదటి చికిత్సగా అమెరికా వైద్యుల కళాశాల 2016లో సూచించినది. చేతిలో ఫోను పట్టుకొని ధరలు చూస్తూ పరుండటం ఏ శాస్త్రంలోను చికిత్స కాదు.

పసుపు పాల సంగతి చాలమంది అడుగుతారు. పసుపు సీమలో దానిని కాదంటే నన్ను ఊరిలోనికి రానివ్వరు. గోరువెచ్చని పాలు హాయినివ్వవచ్చును, త్రాగండి. కాని పసుపు నిద్ర తెప్పిస్తుందనటానికి గట్టి ఆధారం లేదు.

మరొక సంగతి ఎంత కఠినంగా ఉన్నా చెప్పక తప్పదు. నిద్ర కోసమని సాయంకాలం కల్లు దుకాణానికి పోయేవారున్నారు. స్వచ్ఛమైన కల్లులోని మత్తు సైతం తెల్లవారుజాముకు నిద్రను చెడగొడుతుంది. తెలంగాణలో కొన్ని చోట్ల కల్లులో డయజిపామ్, అల్‌ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలిపి అమ్ముతున్నట్లు ఎన్నోసార్లు పట్టుబడినది. 2015లో దీనిని అరికట్టినప్పుడు, అలవాటుపడిన వారెందరో ఒక్కసారిగా ఆ మందు అందక, వణుకు, మూర్ఛ, మతిభ్రమణంతో నిజామాబాదు మొదలైన జిల్లాలలో ఆసుపత్రుల పాలైనారు. అందుచేత ఇటువంటి అలవాటు ఉన్నవారు తమంతట తాము హఠాత్తుగా మానటం ప్రమాదం. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా మానవలెను. డాక్టరు వ్రాసిన నిద్రమాత్రలకు కూడ ఇదే నియమం.

అభ్యాసంతో సరిపుచ్చుకొనక తక్షణం వైద్యుని చూడవలసిన లక్షణాలు కొన్ని ఉన్నవి. మూత్రంలోగాని, మలంలోగాని నెత్తురు పడటం, జ్వరంతో కూడిన మంట, కారణం లేకుండ చిక్కిపోవటం, నెలసరి ఆగిన తరువాత రక్తస్రావం. తొడల నడుమ స్పర్శ తెలియకపోయి, మూత్రం ఆగిపోవటమో, తెలియకుండ పోవటమో జరిగితే ఒక్క రాత్రి కూడ ఆగరాదు. రాత్రులు తరచుగా మూత్రానికి లేచేవారికి మధుమేహం, పురుషులలో పౌరుషగ్రంథి వాపు ఉండవచ్చును. గట్టిగా గురకపెట్టి నడుమ నడుమ ఊపిరి ఆగేవారి నిద్రలేమికి కారణం వేరు. ఇవి ఏవీ లేవని తేలిన తరువాతనే బిగువు మాట. ఊరి ఆరోగ్య కేంద్రంలో మొదలుపెట్టి, అవసరమైతే నిజామాబాదులోని ప్రభుత్వ ఆసుపత్రికి పోవచ్చును.

నవీపేటలో ఆనాడు పెరటి అరుగుమీద నేను ఆమెకు ఇంత శాస్త్రం చెప్పలేదు. ఊపిరి పాఠం ఒక్కటి చూపినాను. గంటకొకసారి చాట దించి లేవమన్నాను. నెత్తురు, జ్వరం వంటివి లేవుగదా అని అడిగి, చక్కెర పరీక్ష మరొకసారి చేయించుకొమ్మన్నాను. “పరీక్షల్లో ఏమీ లేదంటే నీది వట్టి భ్రమ అని కాదు అక్కా, కండరం బిగువు ఆ పరీక్షలకు దొరకదు” అని చెప్పినప్పుడు ఆమె కొంగుతో కన్నులు ఒత్తుకొన్నది. ఎనిమిదేండ్ల బాధకంటె, ‘ఏమీ లేదు’ అన్న ఆ మాటయే ఆమెను ఎక్కువ నొప్పించినదని నాకు అప్పుడు తెలిసినది.

మూడు మాసాల తరువాత ఆమె కుమారుడు ఫోను చేసి ఆమెకు ఇచ్చినాడు. చక్కెర లేదని తేలిందట. “పూర్తిగ తగ్గలేదు చెల్లె. ఐదుసార్లు లేచేది రెండుసార్లే లేస్తున్న. మా చెల్లెండ్లకు గూడ చూపిన, వాండ్లకు గూడ ఇదే బాధ ఉండెనట. ఎవ్వరు చెప్పుకోకపోతిమి” అన్నది.

ఒకే వాకిట కూర్చుండి, ఒకే తునికాకు కత్తిరిస్తూ, ఒకే బాధను ఒకరికొకరు దాచిన అక్కచెల్లెండ్ల మాట ఇది. నిద్ర సుఖ మెరుగదన్నది నిజమే కావచ్చును. కాని బిగువు ఎరుగును, భయం ఎరుగును, సిగ్గును మరీ ఎరుగును. ఈ రాత్రి రేడియో ఆపిన తరువాత ఒకసారి పండ్లు ఎడం చేసి, కడుపు వదలి, ఆరు అంకెలు లెక్కిస్తూ గాలి విడవండి. ఇంటిలో నిద్ర పట్టక లేచి తిరిగేవారెవరైనా ఉంటే, రేపు ఉదయం తీరికగా కూర్చుండి వారిని ఏమని అడగండి.